కాలువ కట్టేసే తేదీ చూసుకోండి: చిన్న డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కి రిలీజ్ క్యాలెండర్ ఎంచుకోవడం

మేం నలుగురం కలిసి ఒక చిన్న ఓపెన్ సోర్స్ అప్లికేషన్ నడుపుతున్నాం. ధాన్యం కొనుగోలు లెక్కలది. రైతు పేరు, బస్తాలు, తేమ, తూకం, ఇవ్వాల్సిన సొమ్ము. విండోలు జీటీకే అనే టూల్‌కిట్‌తో రాశాం, తూకం చీటీ మాత్రం లిబ్రే ఆఫీస్ టెంప్లేట్ మీదుగా ప్రింట్ అవుతుంది. మండపేట, రావులపాలెం, పాలకొల్లు వైపు కమీషన్ కొట్లలో, చిన్న మిల్లుల్లో మూలపడ్డ పాత కంప్యూటర్లకు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, వాటిలో దీన్ని పెట్టాం.

ఒక ఏడాది ఏప్రిల్ ఆఖర్లో కొత్త వెర్షన్ వదిలాం. మింట్‌కి ఆధారమైన ఉబుంటు కొత్త వెర్షన్ వచ్చేది ఆ నెలలోనే కదా, మనమూ దాంతోపాటే వద్దామని సరదా. నాలుగో రోజు సాయంత్రం పాలకొల్లు వైపు నుంచి ఒక గుమాస్తాగారి ఫోన్. "ఏవండీ, చీటీలో బస్తాలొచ్చి కిలోల గడిలో పడుతున్నాయండీ. బయట లారీ లోడై ఉంది, డ్రైవరు ఊరుకోవట్లేదు. కాస్త చూస్తారా?" చూస్తే, టెంప్లేట్‌లో మేం కొత్త తెలుగు ఫాంటు పెట్టాం. ఆయన కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. దాని బదులు వెడల్పాటిది ఇంకోటి వచ్చి కూర్చుంది. "క్వింటాళ్లు" అన్న మాట రెండు ముక్కలై కిందికి జారింది, వరుసంతా ఒక గడి పక్కకి జరిగింది. అరగంటలో సరిచేశాం గానీ ఆ అప్‌డేట్ ఆయన దాకా చేరింది మర్నాడే. ఆ రాత్రి కార్బన్ పేపరు పెట్టుకుని చీటీలన్నీ చేత్తో రాసుకున్నారు. మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. తిట్టినా కాస్త నయంగా ఉండేది.

ఫాంటు పొరపాటు ఎప్పుడైనా జరగొచ్చు. దాళ్వా (రెండో పంట) కోతల నడుమ కొత్త వెర్షన్ వదలడం మాత్రం మేం కూర్చుని ఆలోచించి మరీ చేసిన పని. ఈమధ్య అమలాపురంలో కొబ్బరి వ్యాపారం లెక్కలకి ఇలాంటిదే రాస్తున్న ఇద్దరు కుర్రాళ్లు "అన్నా, మేం ఎవరి క్యాలెండర్ పట్టుకోవాలి? గ్నోమ్‌దా, కేడీఈదా, ఉబుంటుదా?" అని అడిగారు. గ్నోమ్, కేడీఈ అంటే లినక్స్‌లో తెర మీద కనిపించే డెస్క్‌టాప్‌లు తయారుచేసే ప్రాజెక్టులు. కుర్రాళ్లకి చెప్పిందే ఇక్కడ కాస్త విడమర్చి రాస్తున్నాను.

ముందు ఫ్రీజ్ సంగతి

సాఫ్ట్‌వేర్‌లో అప్‌స్ట్రీమ్ (ఎగువ), డౌన్‌స్ట్రీమ్ (దిగువ) అంటారు. డెల్టాలో పుట్టినవాళ్లకి ఆ రెండు మాటలూ వివరించక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో చదివినా, శివారు చేలో తడి కనపడేది ఇంకెన్నో రోజులకి. మన చిన్న అప్లికేషన్ ఆ శివారు చేనే.

దాళ్వా వేసే రైతు నీళ్లు వదిలే తేదీకన్నా కాలువలు కట్టేసే తేదీ మీద ఎక్కువ కన్నేసి ఉంచుతాడు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కవేసుకుని నారు పోస్తాడు. ఆలస్యమైందనిపిస్తే ఎక్కువ రోజుల రకం జోలికి పోడు, 120 రోజుల్లో చేతికొచ్చే 1010 లాంటిది వేసుకుంటాడు. కాలువ ఇంకో పది రోజులు ఉంచమని అడగడం కూడా మామూలే, ఒక్కోసారి ఇస్తారు కూడా. అయితే ఆ పది రోజుల్ని నమ్ముకుని ఎవరూ నారు పోయరు.

డెస్క్‌టాప్ ప్రపంచంలో కాలువ కట్టే తేదీకి పేరు ఫీచర్ ఫ్రీజ్. ఆ రోజు దాటాక కొత్త సంగతులేవీ లోపలికి రానివ్వరు, తప్పులు దిద్దడమే. రిలీజ్ తేదీ గురించి అందరూ మాట్లాడుకుంటారు. ఫ్రీజ్ తేదీ ప్రాజెక్టు షెడ్యూల్ పేజీలో ఒక వరుసలో ఉంటుంది, అది చూసేవాళ్లు తక్కువ.

2024లో జరిగింది చూడండి. కేడీఈవాళ్లు ఏళ్ల తరబడి పనిచేసిన ప్లాస్మా 6.0 ఆ ఏడాది ఫిబ్రవరి 28న వచ్చింది. ఉబుంటు 24.04 ఫీచర్ ఫ్రీజ్ ఫిబ్రవరి 29. మధ్యలో ఒక్క రోజు. అంత పెద్ద డెస్క్‌టాప్‌ని ఒక్క రోజులో ప్యాకేజీలు కట్టి, పరీక్షించి, రెండేళ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్‌లో (ఎక్కువ ఏళ్లు మద్దతుండే వెర్షన్‌లో) పెట్టడం అయ్యే పని కాదు. కేడీఈతో వచ్చే ఉబుంటు రకం కుబుంటు 24.04 పాత ప్లాస్మా 5.27తోనే వచ్చింది. ఉబుంటు విడుదలైన ఏప్రిల్ 25తో పోలిస్తే ప్లాస్మా దాదాపు రెండు నెలలు ముందే వచ్చినట్టు. అయినా అందలేదు.

అంతకు ముందే, 2008లో, ఉబుంటు వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ పెద్ద డిస్ట్రోలన్నీ (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ కూర్పులు) ఒకే సమయానికి ఫ్రీజ్ చేస్తే బాగుంటుందని ప్రతిపాదించారు. 2009 జూలైలో డెబియన్ రెండేళ్లకోసారి డిసెంబర్‌లో ఫ్రీజ్ చేస్తామని ప్రకటించింది, ఆ డిసెంబర్ నుంచే మొదలన్నారు. లోపలి నుంచి అభ్యంతరాలు రావడంతో కొద్ది రోజుల్లోనే ఆ తేదీ మీద వెనక్కి తగ్గారు. డెబియన్ 6.0 చివరికి 2010 ఆగస్టులో ఫ్రీజ్ అయి 2011 ఫిబ్రవరిలో వచ్చింది. ఒప్పందంగా అది కుదరలేదు. తర్వాత్తర్వాత ఎవరి అవసరం కొద్దీ వాళ్లు ఒకే నెలల చుట్టూ చేరారు, ఆ సంగతి కింద చెబుతాను.

గ్నోమ్‌తో నడిస్తే

గ్నోమ్ 2002 జూన్‌లో 2.0 వచ్చినప్పటి నుంచీ ఆరు నెలల లెక్క పట్టుకుంది. ఇప్పుడైతే మార్చి, సెప్టెంబర్. తయారుకాని ఫీచర్ తర్వాతి విడతకి పోతుంది గానీ తేదీ కదలదు. ఇంత క్రమశిక్షణ ఉన్నవాళ్లు కూడా 3.0 దగ్గర రెండుసార్లు వాయిదా వేసి 2011 ఏప్రిల్‌లో తెచ్చారు. ఇల్లంతా పడగొట్టి కట్టేటప్పుడు గృహప్రవేశం ముహూర్తం నిలవదు.

మీరు రాసేది గ్నోమ్ షెల్ ఎక్స్‌టెన్షన్ (ఆ డెస్క్‌టాప్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) అయితే మీకు వేరే దారి లేదు. ప్రతి షెల్ వెర్షన్‌కీ పనిచేస్తుందో లేదో చూసుకుని, ఆ వెర్షన్ సంఖ్యను ఎక్స్‌టెన్షన్ ఫైల్లో రాయాలి. మార్చి, సెప్టెంబర్ మీ మెడకి కట్టినట్టే. మామూలు జీటీకే అప్లికేషన్‌కి అంత బంధం లేదు. ఫిబ్రవరి, ఆగస్టు మొదట్లో గ్నోమ్ బీటా, అంటే విడుదలకి ముందు పరీక్షకిచ్చే వెర్షన్, వస్తుంది. దాంతోపాటు రూపు, ఫీచర్లు, ఏపీఐ (అప్లికేషన్లు లైబ్రరీలని వాడుకునే పద్ధతి) అన్నీ ఫ్రీజ్ అవుతాయి. నాకు గ్నోమ్ క్యాలెండర్‌లో పనికొచ్చే రోజు అదొక్కటే. ఆ రోజు తర్వాత పరీక్షిస్తే మార్చిలో మళ్లీ పరీక్షించే పని దాదాపు ఉండదు.

కేడీఈ సంగతి వేరు

కేడీఈ ఒకే రిలీజ్ అనుకుంటారు చాలామంది. అవి మూడు. ప్లాస్మా డెస్క్‌టాప్, గేర్ అనే అప్లికేషన్ల గుంపు, ఫ్రేమ్‌వర్క్స్ అనే లైబ్రరీలు. ఫ్రేమ్‌వర్క్స్ నెలనెలా వస్తాయి. గేర్ ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్‌లలో. ప్లాస్మా 2024, 2025లలో ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లలో వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మాత్రం ఈ మూడింటినీ ఒకేరోజు వదిలారు, కేడీఈ వాడే టూల్‌కిట్ కొత్త వెర్షన్ క్యూటీ 6కి అందరూ ఒక్కసారే మారాలి గనుక.

నాకు వీళ్ల దగ్గర బాగా నచ్చేది బగ్‌ఫిక్స్ లెక్క. కొత్త ప్లాస్మా వచ్చిన వారానికి మొదటి దిద్దుబాటు, ఇంకో వారానికి రెండోది, తర్వాత రెండు వారాలకి, మూడు వారాలకి, ఐదు వారాలకి. ఫిబొనాచి వరుస, ముందు రెండూ కలిపితే తర్వాతిది. తప్పులు మొదటి పది రోజుల్లో గుంపుగా బయటపడతాయి, తర్వాత పలచబడతాయి. ఎవరికి తట్టిందో గానీ భలే ఆలోచన. మేం దీన్ని యథాతథంగా ఎత్తుకున్నాం. వెర్షన్ వదిలిన ఏడో రోజు, పద్నాలుగో రోజు నలుగురిలో ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు ఉండాలని రాసుకున్నాం. పెళ్లిళ్లున్నా సరే.

క్యూటీతో రాసే చిన్న అప్లికేషన్‌కి ప్లాస్మా తేదీల వెంట పరుగెత్తాల్సిన పని లేదు. కేడీఈ గొడుగు కిందికి వెళ్లి గేర్‌లో చేరితే అనువాదాలు, ప్యాకేజీలు, ప్రకటనలు అన్నీ వాళ్ల యంత్రాంగమే చూసుకుంటుంది, బదులుగా ఏడాదికి మూడు తేదీలు మీ చేతిలో ఉండవు. ఇద్దరు ముగ్గురే ఉన్న జట్టుకి అది లాభసాటి బేరమే. పైగా కేడీఈవాళ్లకి తొందరపడితే ఏమవుతుందో బాగా తెలుసు. 2008 జనవరిలో 4.0 అని పేరుపెట్టి వదిలింది రోజువారీ వాడకానికి ఇంకా పండలేదు. ఆ చేదు చాలా ఏళ్లు నిలిచింది.

తయారైనప్పుడే అనేవాళ్లు

ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌ది ఈ పద్ధతి. 4.12 2015 ఫిబ్రవరిలో వచ్చింది, 4.14 2019 ఆగస్టులో. నాలుగున్నరేళ్లు. వాడేవాళ్లు ఎవరూ ఏడవలేదు, ఎందుకంటే వాళ్లకి కావాల్సిందే మారకుండా ఉండటం. బొమ్మలు దిద్దే జింప్ 2.10 2018లో, 3.0 2025 మార్చిలో.

వీటిని చూసి "మనమూ తయారైనప్పుడే వదులుదాం" అనుకోవడం తేలిక. మేమూ రెండేళ్లు అలాగే అనుకున్నాం. చిన్న జట్టులో అది ఎప్పటికీ తయారవదు. ఒకరికి పరీక్షలు, ఒకరికి కొత్త ఉద్యోగం, ఇంకొకరు "ఈ రిపోర్ట్ ఒక్కటీ పూర్తిచేసి" అంటూ ఆరు నెలలు. తేదీ ఉంటే కనీసం ఆ రిపోర్ట్ పక్కన పెట్టేసి మిగతాది వదలొచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈలా పేరు నిలబడ్డాక, వదిలినా వదలకపోయినా జనం ఉంటారన్న ధైర్యం వచ్చాక, అప్పుడు ఈ పద్ధతి.

డెబియన్ మధ్యరకం. విడుదల తేదీ ముందుగా కట్టుబడదు, దాదాపు రెండేళ్లకోసారి వస్తుంది. 12 వచ్చింది 2023 జూన్ 10న, 13 వచ్చింది 2025 ఆగస్టు 9న. ఫ్రీజ్ మెట్లు మాత్రం ముందే చెబుతారు. 13కి 2025 మార్చి 15, ఏప్రిల్ 15, మే 15. కొత్త ప్యాకేజీలకి ఏప్రిల్ 15తో తలుపు మూసుకుంది. మొదటిసారి వెళ్లే ప్యాకేజీని అక్కడ మనుషులు చదివి ఆమోదించాలి, ఎన్నాళ్లు పడుతుందో ముందే చెప్పలేం. కాబట్టి డెబియన్‌లోకి వెళ్లాలనుకుంటే ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. ఒకసారి లోపలికి వెళ్లాక సుఖం. ఫ్రీజ్ లోపు డెబియన్ అన్‌స్టేబుల్‌లో (కొత్త ప్యాకేజీలు ముందు చేరే చోటులో) ఉన్న కొత్త వెర్షన్ ఉబుంటులోకి దానంతటదే వెళుతుంది, అక్కణ్ణుంచి మింట్‌కి. పెద్ద కాలువలో వదిలితే పిల్ల కాలువకి అదే చేరినట్టు.

మరి మా కొట్లలో ఏం జరుగుతుంది?

ఈ పోలికలన్నీ ప్రాజెక్టుల వైపు నుంచి చూసినవి. వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. మా ఏప్రిల్ తప్పు ఇక్కడే జరిగింది.

ఉబుంటు ఏప్రిల్, అక్టోబర్. ఫెడోరా అనే ఇంకో డిస్ట్రో కూడా ఇంచుమించు ఆ నెలల్లోనే, లోపలేదైనా పెద్ద తప్పు మిగిలితే వారం వారం జరుపుకుంటూ. గోదావరి జిల్లాల్లో ఏప్రిల్ అంటే దాళ్వా కోతలు. అక్టోబర్‌లో కొత్తది వేసుకుంటే, అది కుదురుకునే లోపు నవంబర్‌లో సార్వా (మొదటి పంట) కోతలు మొదలవుతాయి. కొట్టులో కంప్యూటర్‌కి ఏడాది మొత్తంలో ఊపిరాడని రోజులు అవే. యూరప్‌లోనో అమెరికాలోనో కూర్చుని తేదీలు వేసినవాళ్లకి మన కోతలు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు.

అదృష్టం ఏమిటంటే, కొట్లవాళ్లు ఏప్రిల్‌లో అప్‌గ్రేడ్ చేయనే చేయరు. మింట్ కొత్త వెర్షన్ ఉబుంటు ఎల్‌టీఎస్ వచ్చిన రెండు మూడు నెలలకి వస్తుంది. మింట్ 21 2022 జూలైలో, 22 2024 జూలైలో. నేరుగా ఉబుంటు ఎల్‌టీఎస్ వాడేవాళ్లకి కూడా పాత ఎల్‌టీఎస్ నుంచి కొత్తదానికి మారమని కబురు వచ్చేది మొదటి పాయింట్ రిలీజ్ (దిద్దుబాట్లు కలిపిన వెర్షన్) తర్వాతే. 24.04.1 2024 ఆగస్టు 29న వచ్చింది. అంటే మా గుమాస్తాగారి కంప్యూటర్ మారేది ఊడ్పులయ్యాక, మిల్లు కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చూసుకున్నాం. ఉబుంటు ఫీచర్ ఫ్రీజ్ 2024లో ఫిబ్రవరి 29న, ఆగస్టు 15న పడింది. 2025లోనూ ఆ రెండు నెలల్లోనే. ఫెడోరా కూడా తర్వాతి వెర్షన్‌కి కొమ్మ వేరుచేసేది ఫిబ్రవరి, ఆగస్టులలోనే. గ్నోమ్ బీటా ఆ నెలల మొదట్లో. లిబ్రే ఆఫీస్ పెద్ద వెర్షన్లు కూడా ఫిబ్రవరి, ఆగస్టు. 2024 నుంచి వెర్షన్ సంఖ్యలో ఏడాది, నెల పెట్టారు. (ఆ వరుసలో మొదటిది 24.2, వచ్చింది జనవరి 31న. ఒక్క రోజు ముందు!) పక్కనే మన వ్యవసాయం నెలలు రాశాం. సంక్రాంతి అయి, సార్వా కొనుగోళ్లు సద్దుమణిగేది ఫిబ్రవరికి. సార్వా ఊడ్పులు ముగిసేది ఆగస్టుకి.

అన్నీ ఒకే రెండు నెలల మీద పడ్డాయి. అప్పటిదాకా మాకు తట్టనే లేదు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. జనవరిలో, జూలైలో లిబ్రే ఆఫీస్ రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకి ముందు చివరి పరీక్ష వెర్షన్) దించుకుని చీటీలు ప్రింట్ తీసి స్కేలుతో గడులు కొలుస్తాం. నిజంగానే స్కేలుతో. ఆ నెల ఇరవై తర్వాత కొత్త ఫీచర్ లేదు, అనువదించాల్సిన మాటలు మార్చడం లేదు. బీటా రాగానే జీటీకే విండోలు చూసుకుని, ఫిబ్రవరి, ఆగస్టు రెండో వారంలో వదులుతాం. మార్చి 15 తర్వాత, అక్టోబర్ 15 తర్వాత ఏ మార్పూ చేయం, డబ్బు లెక్క తప్పితే తప్ప. ఆ తర్వాత ఎవరైనా ఫోన్ చేసి "బటన్ రంగు మార్చండి" అంటే "కోతలయ్యాక చూద్దామండీ" అంటాం. వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

ఫ్లాట్‌పాక్ ఉంటే ఇదంతా ఎందుకు?

కుర్రాళ్లు అడిగిన రెండో ప్రశ్న ఇది. ఫ్లాట్‌పాక్ అంటే ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ పద్ధతి, ఫ్లాట్‌హబ్ అవి దొరికే చోటు. సగం నిజం. ఫ్లాట్‌హబ్‌లో పెడితే ఏ డిస్ట్రో ఫ్రీజ్‌తోనూ పనిలేదు, ఈరోజు దిద్దింది ఈరోజే చేరుతుంది. ఆ ఏప్రిల్‌లో మాకు ఇది ఉండుంటే కార్బన్ పేపరు గొడవ ఉండేది కాదేమో.

కానీ ఫ్లాట్‌పాక్‌కీ కింద ఒక రన్‌టైమ్ (అప్లికేషన్ ఆధారపడే లైబ్రరీల మూట) ఉంటుంది, దానికీ గడువు ఉంటుంది. గ్నోమ్ రన్‌టైమ్ దాదాపు ఏడాది నిలుస్తుంది. ఫ్రీడెస్క్‌టాప్ రన్‌టైమ్ ఏటా ఆగస్టులో వస్తుంది, సంఖ్య కూడా 23.08, 24.08 అనే ఉంటుంది, ఒక్కోదానికి రెండేళ్ల ఆయుష్షు. తప్పించుకున్నామనుకున్న క్యాలెండర్ ఇంకో గుమ్మం నుంచి వచ్చి కూర్చుంటుంది. ఇంటర్నెట్ ఖర్చు కూడా చూసుకోవాలి. చిన్న అప్లికేషన్‌కి వందల మెగాబైట్ల రన్‌టైమ్ దిగుతుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిచే కొట్టులో అది చిన్న సంగతి కాదు. మేం రెండూ ఉంచాం. నెట్ బాగున్నచోట ఫ్లాట్‌పాక్, మిగతాచోట్ల మామూలు ప్యాకేజీ. ఫాంటు మాత్రం ఇప్పుడు రెండింటిలోనూ మాతోపాటే వస్తుంది.

తేదీ తప్పితే

తప్పుతుంది. ఉబుంటు 2006లో తన మొదటి ఎల్‌టీఎస్‌ని ఆరు వారాలు జరిపి జూన్ 1న వదిలింది, అందుకే అది 6.04 కాక 6.06 అయింది. 2024 మార్చి 29న ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ బయటపెట్టాక, అనుమానం ఉన్న ప్యాకేజీలన్నీ మళ్లీ కట్టడానికి 24.04 బీటాని వారం జరిపారు. అసలు రిలీజ్ మాత్రం అనుకున్న ఏప్రిల్ 25నే వచ్చింది. తుపాను వస్తుందని తెలిసి కళ్లంలో నాలుగు టార్పాలిన్లు ముందే పెట్టుకున్నట్టు, బీటాకీ రిలీజ్‌కీ నడుమ వాళ్లు జాగా ఉంచుకున్నారు.

మేమైతే రెండు వారాలు దాటి ఆలస్యమయ్యేట్టుంటే ఆ విడతని వదిలేస్తాం. ఆగస్టుది సెప్టెంబర్ ఆఖరుకి లాగి వదిలితే, బయటపడే తప్పులన్నీ సరిగ్గా కోతల్లో వచ్చి పడతాయి. మా జట్టులో దీన్ని క్రాప్ హాలిడే (పంట విరామం) అంటాం. 2011లో కోనసీమలో రైతులు నిజంగా ప్రకటించినదానితో పోల్చదగ్గది కాదనుకోండి, మాట నోటికొచ్చేసింది. ఇప్పటికి ఒక్కసారే తీసుకున్నాం, ఒక్క కొట్టు నుంచీ ఎందుకని ఫోన్ రాలేదు.

అమలాపురం కుర్రాళ్ల సంగతి ఇంకా తేలలేదు. కొబ్బరికి సార్వా, దాళ్వా లేవు, దింపు ఏడాది పొడవునా ఉంటుంది. అంబాజీపేట మార్కెట్‌లో వ్యాపారులకి ఏ నెల తీరికో ముందు కనుక్కుని రమ్మన్నాను. ఫ్రీజ్ తేదీలు ఆ తర్వాత చూద్దాం.